అగ్గిపెట్టె బోణి

ఒక మనిషి దుకాణం మూతపడాలని కోరుకుంటూ నేను రెండు నెలలపాటు రోజూ తెల్లవారకముందే లేచి, చన్నీళ్లతో తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాను. గుడికి పోయేవాళ్లు కూడా అంత నిష్ఠగా పోరు. ఆ ఉదయాలంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. పశ్చాత్తాపపడ్డానని రాస్తే చదివేవాళ్లకు నా మీద కాస్త గౌరవం కలుగుతుందేమో గాని, అలా రాయడానికి మనసొప్పడం లేదు. పగ పట్టాను, తీర్చుకున్నాను. నేను అనుకోనిది ఆ తర్వాత జరిగింది.

మాది లైను పని. ఏజెన్సీ గోదాము దగ్గర ట్రాలీ ఆటోలో బిస్కెట్లు, చాక్లెట్లు, మిక్చర్ ప్యాకెట్లు నింపుకుని ఊరూరా తిరిగి కిరాణా దుకాణాలకు వేసి రావడం. ఎవరు తిరిగే ఊళ్లు వాళ్ల లైను. మొదట జనగామలో ఒక గోదాములో అట్టపెట్టెలు మోసేవాణ్ణి. నోరున్నవాడినని చూసి యజమాని నన్ను మహబూబాబాద్ వైపు పంపించాడు. అక్కడ గార్ల లైను మీద పాత సేల్స్‌మన్ ఒకాయన ఉండేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. ఈ పనిలో నాకు తెలిసినదంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే. అన్నా అని పిలిచేవాణ్ణి. ఇక్కడా అలాగే రాస్తున్నాను. పగ ఉన్నా నోటి అలవాటు పోదు.

దుకాణంలోకి ఎట్లా పోవాలో అన్న నేర్పాడు. పోగానే ఆర్డరు అడగొద్దు. ముందు పడిపోయిన ప్యాకెట్లు నిలబెట్టాలి, మన సరుకు మీద దుమ్ము తుడవాలి, ఇంట్లో పిల్లలకు జ్వరం తగ్గిందా అని అడగాలి. అన్నిటికంటే ముఖ్యం, వేరే కంపెనీవాడు రాకముందే పోవాలి. పొద్దున్నే పోయినవాడికి ప్యాకెట్ల దండ వేలాడదీయడానికి దుకాణం ముందు కొక్కెం దొరుకుతుంది, గల్లా పక్కన సీసాకు చోటు దొరుకుతుంది, దుకాణదారు మంచి మాటా దొరుకుతుంది. పది దాటాక గిరాకీ మీద పడి, ఎవరొచ్చినా రేపు చూద్దాం పో అంటారు.

కాని పొద్దున్నే పోతే ఒక చిక్కు. బోణి కాకుండా ఏ దుకాణదారూ గల్లా పెట్టెలోంచి రూపాయి తీసి బయటికివ్వడు. తొలి గిరాకీ నుంచి లోపలికి రావాలే తప్ప పోకూడదు. అందుకని లైనువాడే తన జేబులోంచి ఏదో ఒకటి కొని బోణి చెయ్యాలి. ఆ తర్వాతే సంచి విప్పాలి. దీనికి అన్న దగ్గర కొన్ని నియమాలుండేవి.

“బోణికి తీపి కొనాలె తమ్మీ. చాక్లెటో, బెల్లం ముక్కో. అగ్గిపెట్టె కొనకు, కర్పూరం కొనకు, చీపురు కొనకు” అన్నాడు మొదటి వారంలోనే.

“ఎందుకన్నా?” అన్నాను.

“అగ్గి అగ్గే గదా. కర్పూరమంటవా, గది పీనుగు కాడికి గూడ పోతది. పొద్దుగాలనే గవన్ని ఎందుకు నోట తీసుడు?”

నవ్వుకున్నాను గాని పాటించాను. రోజూ ఏడెనిమిది దుకాణాల్లో బోణి, ఏడెనిమిది చాక్లెట్లు. నేను అమ్మే చాక్లెట్లనే నేను కొనుక్కోవడం. కొన్ని నోట్లో వేసుకునేవాణ్ణి, కొన్ని చొక్కా జేబులో కరిగేవి. ఆ మరకలు పోక నా భార్య నన్ను తిట్టని ఆదివారం లేదు. మూడేళ్లలో నా కింది దవడ పళ్లు రెండు పుచ్చిపోయాయి.

ఆ తర్వాత భూపాలపల్లి ఏజెన్సీలో నాకు సొంత లైను ఇచ్చారు. టేకుమట్ల వైపు. అక్కడ నాకొక పేరొచ్చింది, చెయ్యి మంచిదని. నేను బోణి చేసిన రోజు గిరాకీ ఆగకుండా వస్తుందని ఒక దుకాణదారు అన్నాడు, ఇంకొకాయన అవునన్నాడు, అంతే. టేకుమట్ల దాటాక ఒక చిన్న ఊళ్లో ఒక అవ్వ దుకాణం నడిపేది. నేను ఆ ఊరికి పోయే రోజుల్లో, నేను వచ్చేదాకా ఎవరికీ ఏమీ అమ్మేది కాదు. పాల ప్యాకెట్ కోసం వచ్చినవాళ్లను కూడా అరుగు మీద కూర్చోబెట్టేది.

“జర కూసో బిడ్డా, బిస్కెట్ల పిలగాడు రానీ” అనేది.

నాకది మహా గర్వంగా ఉండేది. ముప్పై ఏళ్లొచ్చినవాణ్ణి పిలగాడంటే కోపం రావాలి, నాకు ఛాతీ ఉబ్బేది. నాలాంటి వాడికి లోకంలో ఇంకెక్కడ దొరుకుతుంది ఆ ఎదురుచూపు? ఇంటికి పోయి నా భార్యకు చెప్పుకునేవాణ్ణి. “చెయ్యి మంచిదైతే గా గిన్నెలు గూడ కడుగు” అనేది ఆమె.

రెండేళ్లకు అన్న కూడా భూపాలపల్లి వచ్చాడు. గార్ల లైను వదిలి, వేరే కంపెనీ టీపొడి, సబ్బులు పట్టుకుని. ఇల్లు దొరికేదాకా భార్యతో సహా పదిహేను రోజులు మా ఒక్క గదిలోనే ఉన్నాడు. ఆయన భార్యను వదినా అనేవాణ్ణి. గార్లలో ఉన్నప్పుడు ఎన్నోసార్లు నాకు అన్నం పెట్టిన మనిషి. అన్నకు ఇచ్చిందీ నా టేకుమట్ల లైనే. అవే ఊళ్లు, అవే దుకాణాలు. ఎంత తొందరగా బయల్దేరినా ఆయన వచ్చేసరికి ముందు కొక్కేనికి నా ప్యాకెట్ల దండ వేలాడుతుండేది.

ఒకరోజు టీ తాగుతూ అన్నాడు. “మంగళారం, శుక్రారం నువ్వు జర ఆలస్యంగ రారాదు? గా రెండు దినాలు పొద్దుగాల నేను పోత.”

“లైన్ల అన్నదమ్ములుండరని నువ్వే నేర్పితివి గదన్నా” అన్నాను.

ఆయన నవ్వి నా భుజం తట్టాడు. ఇచ్చేస్తే పోయేది. ఆ సంగతి తర్వాత చాలాసార్లు అనుకున్నాను, అనుకున్న ప్రతిసారీ ఇవ్వకపోవడమే సరైనదనిపించింది.

ఆ వేసవిలో ఒక ఉదయం నా పుచ్చుపన్ను వాచి సగం ముఖం బూరెలా అయింది. చాక్లెట్ మాట తలుచుకుంటేనే దవడ లాగేస్తోంది. అవ్వ దుకాణానికి పోయి, ఏదో ఒకటి కొని బయటపడదామని, ముందు కనబడినదాని వైపు చెయ్యి చూపించాను. అగ్గిపెట్టె. అవ్వ ఇచ్చింది. నేనిచ్చిన నాణెం కళ్లకద్దుకుని గల్లాలో వేసింది. నియమం నాకు గుర్తుకే రాలేదు.

ఆ రోజు మధ్యాహ్నం అవ్వ దుకాణంలో ఫ్రిజ్ వెనక తీగలు కాలి మంటలు లేచాయి. ఫ్రిజ్ పోయింది, వెనక గోడకున్న అరలు పోయాయి, సరుకు సగం పోయింది. మనుషులకు ఏమీ కాలేదు. ఆ ఫ్రిజ్ ముట్టుకుంటే షాక్ కొడుతోందని నెలరోజులుగా ఊరంతా చెప్పుకుంటూనే ఉంది. కరెంటు పనివాడు వచ్చి పాత వైరింగని చెప్పిపోయాడు. అక్కడితో ఆగాల్సిన విషయం.

మరుసటి వారం పోయేసరికి అవ్వ తల ఎత్తలేదు. “బోణి కాలే కొడుకా, మల్ల రా” అంది. వెళ్లి మిగతా ఊళ్లు తిరిగి పదకొండింటికి వచ్చాను. సరుకు చాలంది. పక్క ఊళ్లోనూ అదే మాట, ఆ పై ఊళ్లోనూ అదే. “జర ఆగు తమ్మీ, బోణి కానీ.” నా వెనకొచ్చిన వాళ్లు నన్ను దాటుకుని లోపలికి పోతున్నారు. నేను ఎండలో ఆటో పక్కన నిలబడ్డాను. ఎవరూ కసరలేదు, ఎవరూ పొమ్మనలేదు. ఒకాయన నాకు కుర్చీ కూడా వేయించాడు, దుకాణానికి చాలా దూరంగా, రోడ్డుకు అవతలి పక్కన.

నాకు అసలు సంగతి చెప్పింది టేకుమట్లలో ఒక ముసల్మాన్ దుకాణదారు. నాతో ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడేవాడు. ఆయన కూడా ఆ రోజు నన్ను గుమ్మం అవతలే ఆపి, చేతులు కట్టుకుని చెప్పాడు.

“అవ్వ కాడ అగ్గిపెట్టె ముచ్చట విని మీ అన్ననే చెప్పిండు భాయ్. బోణికి అగ్గిపెట్టె కొనొద్దని వానికి నేర్పిన, అయినా కొన్నడు, వాడు మర్చిపోయే మనిషి గాదు అన్నడు. గార్ల దిక్కు గూడ గిట్లనే నీ చేతుల ఒక దుకాణం కాలిందంట గద?”

గార్లలో ఏ దుకాణమూ కాలలేదు. అక్కడ నేను తిన్న చాక్లెట్ల లెక్క అన్నకు తెలుసు. అగ్గిపెట్టె నిజం. ఆ నిజం పక్కన ఒక అబద్ధం పెట్టాడు, రెండూ కలిసి నడిచాయి.

“నువ్వు నమ్ముతున్నవా?” అన్నాను.

“ఛీ ఛీ, నేను గివన్ని నమ్మ. గని గిరాకోళ్లు నమ్ముతరు భాయ్. జర పరేషాన్‌ల ఉన్న, అర్థం చేసుకో.”

ఆ సాయంత్రం అన్న ఇంటికి పోయాను. మంచం మీద కూర్చుని చొక్కా గుండీ కుట్టుకుంటున్నాడు. వదిన నీళ్లకు పోయింది. ఎందుకు చెప్పావని అడిగాను. ఆయన దారం కొరికి, సూది గోడకు గుచ్చి, శాంతంగా అడిగాడు.

“అగ్గిపెట్టె కొన్నవా లేదా?”

“గార్లల ఎవని దుకాణం కాలిందన్నా?”

“గది తర్వాత ముచ్చట. కొన్నవా లేదా, గది చెప్పు.”

ఆయన్ని కొట్టినా బాగుండేది. కొట్టకుండా ఇంటికి వచ్చేశాను. ఆ ‘కొన్నవా లేదా’ అన్న మాట చెవిలో పురుగులా దూరింది. అన్నం ముందు కూర్చున్నా అదే, ఆటో నడుపుతున్నా అదే.

మా కంపెనీలో ఫోన్లో ఒక యాప్ ఉంటుంది. తొలి దుకాణంలో ఆర్డరు తొమ్మిదిలోపు పడకపోతే మన పేరు ఎర్రబడుతుంది. ఎందుకు పడలేదో కారణం కూడా అదే అడుగుతుంది. మూడే కారణాలుంటాయి. దుకాణం మూసి ఉంది, యజమాని లేడు, సరుకు చాలినంత ఉంది. చెయ్యి మంచిది కాదు అన్న కారణం అందులో లేదు. అవ్వ నా ఎదురుగా కూర్చుని విసనకర్రతో విసురుకుంటుంటే, యజమాని లేడని నొక్కేవాణ్ణి.

పై అధికారి కోస్తా వైపు నుంచి వచ్చినవాడు. సమావేశంలో నన్ను నిలబెట్టి కారణం అడిగాడు. బోణి సంగతి చెప్పాను. “‘బోణి గాలే సార్’ అంట! ఏంటయ్యా బాబూ, ఎక్కడి నుంచి వస్తారయ్యా మీరంతా” అని నా యాసలో నన్ను వెక్కిరించాడు. ముప్పైమంది నవ్వారు. అందులో ఇరవైమంది పొద్దున నాలాగే బోణి చేసి వచ్చినవాళ్లే. నా లైను తీసేసి మహదేవపూర్ లైను ఇచ్చాడు. గోదావరి ఒడ్డున, అన్నిటికంటే దూరం. మూడు నెలల్లో దాన్ని నిలబెట్టకపోతే ఇంటికి పొమ్మన్నాడు.

మహదేవపూర్‌కు నాకంటే ముందే నా చెయ్యి చేరింది. అక్కడి దుకాణదారులూ భూపాలపల్లి హోల్‌సేల్‌కే వస్తారు కదా. తొలి రోజే ఒకాయన నన్ను చూసి, “టేకుమట్ల దిక్కు తిరిగినోడివి నువ్వేనా?” అన్నాడు. అవునన్నాను. “బోణి కాలే” అన్నాడు. అప్పుడు మధ్యాహ్నం రెండున్నర.

ఆ నెలలోనే అన్న లైను పని మానేశాడు. కూడబెట్టుకున్న డబ్బుతో, భూపాలపల్లిలో గని కార్మికులుండే కాలనీ పక్కన సొంత కిరాణా దుకాణం పెట్టాడు. అందరినీ పిలిచాడు, నన్ను తప్ప. పిలవకపోవడానికి కారణం నాకు వెంటనే తోచలేదు. మరునాడు స్నానం చేస్తూ చెంబు ఎత్తినవాణ్ణి అలాగే ఆగిపోయాను. ఆయన భయపడుతున్నాడు. అబద్ధం ఆయనదే, కాని సొంత దుకాణం అనేసరికి ఆయనకూ భయమేసింది. నా చెయ్యి అంత చెడ్డదైతే, అది ఉత్తగా ఎందుకుండాలి?

ఆ ఉదయం ఐదున్నరకు అక్కడికి పోయాను. అన్న అప్పుడే షట్టర్ ఎత్తి, ముందు నీళ్లు చల్లి, దేవుడి పటానికి అగరొత్తులు తిప్పుతున్నాడు. మొదటి షిఫ్టుకు పోయే కార్మికులు ఇద్దరు పాల కోసం వస్తున్నారు. వాళ్లకంటే ముందు నేను గల్లా దగ్గరికి చేరాను.

“అన్నా, దండం. ఒక అగ్గిపెట్టె” అన్నాను.

ఆయన చేతిలో అగరొత్తులు అలాగే ఉండిపోయాయి. లోపలినుంచి వదిన నా గొంతు గుర్తుపట్టి వచ్చింది. ఆమెకు ఏమీ తెలియదు.

“ఎన్ని దినాలాయె తమ్మీ నిన్ను చూసి” అని నవ్వింది. “ఇయ్యరాదయ్యా, పిలగాడు బోణి చేస్తుండు.”

వెనక కార్మికులు నిలబడ్డారు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. అన్న అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. నేను నాణెం బల్ల మీద పెట్టలేదు. ఆయన చెయ్యి చాపేదాకా ఆగి, అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి వచ్చాను. ఆ రోజు మహదేవపూర్ రోడ్డు మీద ఆటో తోలుతూ ఒక్కణ్ణే పాట పాడుకున్నాను.

మరుసటి రోజు పోయాను. ఆ మరుసటి రోజూ పోయాను. ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. దండం, ఒక అగ్గిపెట్టె, నాణెం అరచేతిలో. అన్న ఐదింటికే తెరవడం మొదలుపెట్టాడు, నేను నాలుగున్నరకే పోయి షట్టర్ ముందు కూర్చున్నాను. తన బామ్మర్దిని పిలిపించి ముందుగా బోణి చేయించాలని చూశాడు. ఆ బామ్మర్ది నిద్రమొహం. నేను కాదు. ఒకసారి లేదని చెప్పి అగ్గిపెట్టెలన్నీ దాచేశాడు. “అయితే కర్పూరమియ్యన్నా” అన్నాను. తిరిగి అగ్గిపెట్టె తీశాడు.

ఏ దుకాణంలోనైనా అవీ ఇవీ జరుగుతుంటాయి. ఎలుకలు పప్పు సంచి కొడతాయి, తూకం యంత్రం మొరాయిస్తుంది, ప్యాకెట్ పాలు విరిగిపోతాయి. అన్న దుకాణంలోనూ జరిగాయి. కాని ఆయన ప్రతిదానికీ నా ముఖం చూడటం మొదలుపెట్టాడు. ఆ చూపు కోసమే పోయేవాణ్ణి. నాకు ఆకలి పెరిగింది, మంచి నిద్ర పట్టింది, పన్ను పీకించుకున్నాక దవడ నొప్పి కూడా పోయింది. ఆయన చిక్కిపోయాడు. చివరికి నేను మహదేవపూర్ వెళ్లిపోయేదాకా ఆగి, తొమ్మిది దాటాక తెరవసాగాడు. మొదటి షిఫ్టు కార్మికులు పాలకు, టీపొడికి వేరే దుకాణం చూసుకున్నారు. వాళ్ల వెనకే వాళ్ల ఇళ్లవాళ్లూ పోయారు. ఖాళీగా ఉన్న దుకాణంలో గల్లా ముందు కూర్చున్న అన్నను ఒక ఆదివారం రోడ్డు మీంచి చూశాను. తనివితీరా చూశాను.

ఈలోగా నా భార్య అంతా గమనిస్తూనే ఉంది. మా గూట్లో అగ్గిపెట్టెలు పేరుకుపోతుంటే, “గివన్ని ఏం చేసుకుంటం?” అని ఒక్కసారి అడిగింది. చెప్పాను. “వాని తప్పుకు వాన్ని దంచు. వదినెకు బువ్వ లేకుంట చేసుడెందుకు?” అంది. నాకు ఆ మాట నచ్చలేదు. వదిన పేరు ఎత్తొద్దన్నాను.

వదినే వచ్చింది ఒకరోజు. మా గుమ్మంలో కూర్చుని, నా భార్య ఇచ్చిన టీ పక్కన పెట్టింది. అన్న ఆమెకు అంతా చెప్పుకున్నాడట, గార్ల అబద్ధంతో సహా.

“ఏం గావాలె తమ్మీ నీకు?” అంది.

“నా లైను గావాలె.”

“గది నా చేతుల ఉన్నదా?”

“అన్న చేతుల ఉన్నది. దుకాణం దుకాణం తిరిగి అబద్ధం చెప్పిండు. తిరిగి నిజం చెప్పాలె. నా ముంగట.”

ఆమె లేచి, “పంపిస్త” అంది. టీ తాగలేదు.

మూడో రోజు పొద్దున అన్నను నా మోటారు సైకిల్ వెనక ఎక్కించుకుని టేకుమట్ల దారి పట్టాను. పాత రోజుల్లో గార్ల లైను మీద వసూళ్లకు ఇట్లాగే పోయేవాళ్లం. అప్పుడు బండి నడిపింది ఆయన, వెనక కూర్చున్నది నేను. నా లైను నాకు తిరిగొస్తోందని బండి వేగం పెంచాను. అధికారి ముందు నిలబడి ఏమనాలో కూడా మనసులో మాటలు పేర్చుకున్నాను.

ముందుగా అవ్వ దగ్గరికే తీసుకుపోయాను. కాలిన గోడకు సున్నం వేయించింది, కొత్త అరలు పెట్టించింది. అన్న చెప్పులు విప్పి లోపలికి పోయాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

“అవ్వా, గప్పుడు నేను నీకు చెప్పింది అబద్ధం” అన్నాడు. “గార్లల ఏ దుకాణం కాలలే. వీని చెయ్యి మంచిదే. లైను మీద ఆశతోని చెప్పిన.”

ఆ మాట ఆయన నోటి నుంచి వస్తుంటే గుమ్మానికి ఆనుకుని విన్నాను. అంత సుఖం నాకు అంతకుముందు తెలియదు. అవ్వ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. ఊడిన బొత్తాం చూసింది, గుంటలు పడ్డ చెంపలు చూసింది. తర్వాత నన్ను చూసింది.

“నీ దుకాణం సంగతి మాకు తెల్వదనుకున్నవా కొడుకా?” అంది అన్నతో. “రెండు నెల్లు వీడు బోణి చేసిండంట గద. గిట్లయితివి. పాపం, భయానికి చెప్తున్నవ్. నీ తీరుగనే నాకు గూడ భయమే.” తర్వాత నా వైపు రెండు చేతులూ జోడించింది. “నీకు దండం పెడ్త బిడ్డా. నా మీద కోపం పెట్టుకోకు. గుమ్మం దిగు.”

అన్న ఒట్టు పెట్టాడు. వదిన మీద ఒట్టు అన్నాడు. ఆయన ఎంత గట్టిగా చెబితే అవ్వ అంతగా వెనక్కి జరిగింది.

తర్వాతి ఊళ్లోనూ అంతే. ఒకాయన మమ్మల్ని చూడగానే టీ తెప్పించాడు, కావలసినంత మర్యాద చేశాడు, ఆర్డరు మాత్రం ఇవ్వలేదు. టేకుమట్ల ముసల్మాన్ దుకాణదారు అన్న చెప్పిందంతా విని గడ్డం గోక్కున్నాడు.

“అప్పుడైతే నేను నమ్మలే భాయ్” అన్నాడు నాతో. “గని మీ అన్న దుకాణం చూసినంక జర డౌటొస్తున్నది.”

తొమ్మిది దుకాణాలు తిరిగాం. అన్న తొమ్మిదిసార్లు అదే చెప్పాడు, చివరి రెండు చోట్ల గొంతు కూడా పోయింది. ఆయన మాట తప్పలేదు. ఆయన ఒక మధ్యాహ్నంలో చెప్పిన అబద్ధానికి రుజువు లేదు. రెండు నెలలు చన్నీళ్ల స్నానం చేసి ఆ రుజువు తయారుచేసి పెట్టింది నేను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా పళ్లు పటపటమంటాయి. ఎవరి మీదో చెప్పడం కష్టం.

భూపాలపల్లి చేరాక ఆయన దుకాణం వైపు బండి తిప్పబోతే, వెనకనుంచి నా భుజం మీద చెయ్యి వేశాడు.

“దుకాణం కాడికి వద్దు తమ్మీ. సందు మొకాన దించు.”

దించాను. తల వంచుకుని నడిచిపోయాడు. నెల తిరగకుండానే ఆ దుకాణం మూతపడింది, వాళ్లు వదిన పుట్టింటి ఊరికి పోయారు. కబురు తెలిసిన రోజు నేను సంతోషపడ్డాను. వదిన గుర్తొచ్చి ఆగాను, మళ్లీ సంతోషపడ్డాను.

మూడు నెలల గడువు అయిపోయి నా ఉద్యోగం కూడా పోయింది. జనగామ తిరిగొచ్చాం. ఇప్పుడు ఫోన్లో కొన్న వస్తువులు ఇంటింటికీ ఇచ్చే పని చేస్తున్నాను. తలుపు కొడితే పెట్టె అందుకుని తలుపేసుకుంటారు. నా చెయ్యి ఎట్లాంటిదో ఎవరికీ అక్కర లేదు. ఆ పని చాలక, నా భార్య బస్టాండు వెనక వీధిలో టిఫిన్ బండి పెడతానంది. బండి నేనే కొని తెచ్చాను, రంగు వేశాను, చక్రం బిగించాను. పుకారు పుట్టిన రోజుల్లో నా తరఫున వీధిలో నిలబడి పోట్లాడింది ఆమె ఒక్కతే. “చెయ్యి చెడ్డదైతే నన్ను పట్టుకున్న చెయ్యి గదే గదా, నాకేమైంది?” అని అడిగింది ఒక దుకాణదారు భార్యను.

మొదటి రోజు ఉదయం ఆరింటికి అంతా సిద్ధమైంది. ఇడ్లీ పాత్రలోంచి ఆవిరి వస్తోంది. పల్లీ చట్నీకి పోపు పెట్టింది. బండికి పసుపు రాసి బొట్లు పెట్టింది. నేను ప్లేట్లు తుడిచి పేరుస్తున్నాను. బస్టాండు వైపునుంచి ఒక ఆటో డ్రైవరు రోడ్డు దాటి మా వైపు రావడం కనబడింది. నా భార్య ఆయన్ని చూసింది, నన్ను చూడలేదు. పాత్ర మూత సర్దుతూ మెల్లగా అంది.

“ఏమయ్యా, జర అటు పక్కకు పోరాదు. బోణి అయినంక వద్దువు.”

అన్నాక ఆమెకు తాను ఏమన్నదో తెలిసింది. మూత మీద చెయ్యి ఆగిపోయింది. కాని ఆ మాట వెనక్కి తీసుకోలేదు, డ్రైవరు దగ్గరికి వచ్చేశాడు. నేను తుడుస్తున్న ప్లేటు బండి మీద పెట్టి, రోడ్డు దాటి, అవతల మూసి ఉన్న మెడికల్ షాపు మెట్ల మీద కూర్చున్నాను. డ్రైవరు నాలుగు ఇడ్లీలు తిని డబ్బిచ్చాడు. ఆమె ఆ నోటు కళ్లకద్దుకుంది. తర్వాత తలెత్తి రోడ్డుకు ఇవతల నా కోసం వెతికి, రమ్మని చెయ్యి ఊపింది.

వెళ్లాను. అప్పటికి ఇంకో ఇద్దరు వచ్చి నిలబడ్డారు. వాళ్లకు నీళ్లు అందించాను.